బరువులేని తాడు, బరువైన బీరువా

నేను బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. అంటే ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ద్రవ్యరాశి లేని తాళ్ళతో, ఘర్షణ లేని కప్పీలతో, నున్నటి వాలుతలాలతో కాపురం చేస్తున్నదాన్ని. మా పాఠాల్లో బండరాయి కొండ మీద నుంచి జారినా గాలి అడ్డు రాదు, నేల గరుకు తగలదు. లెక్క చివర "ఘర్షణను విస్మరించండి" అని ఒక్క మాట పడేస్తే సగం లోకం మాయమైపోతుంది. పిల్లలకు చేయడం సులువు, నాకు దిద్దడం సులువు. అలాంటి నేను ఫోనులో ఆటకు అతుక్కుపోయానంటే ఆ పాపం నాది కాదు, తెనాలి నుంచి పొద్దున్నే బయల్దేరే పాసింజరుది.

ఆ రైల్లో ఒక అమ్మాయి నాకు తోడు. కొలకలూరు నుంచి వచ్చి తెనాలిలో రైలెక్కుతుంది, బాపట్లలో ఏదో ఆఫీసులో పని చేస్తుంది. కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చుంటాం. నేను పేపర్లు దిద్దుకుంటుంటే ఆమె ఫోను మీద వేలితో ఏవో గీతలు గీసేది, ఉన్నట్టుండి "అబ్బా!" అని నుదురు కొట్టుకునేది. ఒకరోజు చుండూరు దాటాక ఇక ఉండబట్టలేకపోయాను.

"ఏంటమ్మా, ఎవరికైనా బాగోలేదా?"

"వంతెనండి మేడమ్. మళ్ళీ కూలిపోయింది."

ఫోను నా వైపు తిప్పింది. బొమ్మలో ఒక లోయ ఉంది. ఇవతలి గట్టు మీద చిన్న బండి, బండి నిండా గుమ్మడికాయలు. మన దగ్గర కొన్ని కర్రలు, కాస్త తాడు, రెండు మేకులు ఉంటాయి. వాటితో ఏదో ఒకటి కట్టి బండిని అవతలికి చేర్చాలి. ఎలా కట్టాలో ఆట చెప్పదు. కట్టి, బండిని వదిలి, ఏమవుతుందో చూడటమే.

నాకు మొదట కోపమే వచ్చింది. నా సబ్జెక్టుతో ఎవరో పరాచికాలాడుతున్నట్టు అనిపించింది. లోయలోకి పడుతున్న గుమ్మడికాయను పట్టి పట్టి చూసి, "ఇది తప్పు. కాయ మరీ తీరిగ్గా పడుతోంది. ఇక్కడ గురుత్వాకర్షణ సరిపోలేదు" అన్నాను.

"దానికి కూడా మార్కులు వేస్తారా ఏంటండి?" అని నవ్వింది.

నిడుబ్రోలు వచ్చేసరికి ఫోను నా చేతిలో ఉంది. అప్పికట్ల వచ్చేసరికి దిద్దాల్సిన పేపర్లు సంచీలోకి వెళ్ళిపోయాయి. మర్నాటికి ఆ ఆట నా ఫోనులోకీ వచ్చింది.

మనిషి గుణం ఆటలో దాగదు. నేను కట్టేవన్నీ పెళ్ళిపందిళ్ళే. భయం కొద్దీ ఎక్కడ పడితే అక్కడ ఒక గుంజ పాతేదాన్ని, చివరికి ఆ గుంజల బరువుకే వంతెన కూలేది. ఆ అమ్మాయి కట్టేవి సన్నగా, ఈనుపుల్లల్లా ఉండేవి. బండి ఎక్కగానే ఊగిపోయేవి, కాయలు ఎగిరెగిరి పడేవి, అయినా ఎలాగో అవతలి గట్టు చేరేవి. "ఇది పద్ధతి కాదమ్మా" అనేదాన్ని. "చేరింది కదండి" అనేది. పరీక్ష పేపర్లో ఒక ప్రశ్నకు ఒకటే జవాబు. ఇక్కడ వంకర జవాబు కూడా బండిని దాటిస్తే చెల్లుతుంది.

ఈ వయసులో నాకు దీని మీద ఇంత మోజేమిటని చాలాసార్లు ఆలోచించాను. మనుషులు అలుగుతారు, ఎందుకో చెప్పరు. ఈ వంతెన అలా కాదు, ఎక్కడ విరిగిందో చూపించి మరీ పడుతుంది. మనం ఆ చోటును సరిచేస్తే అక్కడ మళ్ళీ విరగదు. విరిగితే ఇంకోచోట విరుగుతుంది, దాని సంగతి అప్పుడు చూసుకోవచ్చు. పడిపోయినందుకు తిట్టేవాళ్ళు ఉండరు. పైగా నిజం చెప్పాలంటే పడటమే బాగుంటుంది. అంత జాగ్రత్తగా కట్టింది ఒక్కసారి కుప్పకూలి, గుమ్మడికాయలు దొర్లుకుంటూ పోతుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వొస్తుంది. ఇంకా నన్ను పట్టేసింది ఏమిటంటే, అందులో ఘర్షణ ఉంది. తాడు మేకును రాసుకుంటుంది. చక్రం నేలను పట్టుకుంటుంది. నేను ఇన్నాళ్ళూ పిల్లల చేత విస్మరింపజేసినదంతా అక్కడ తీరిగ్గా కూర్చుని ఉంది.

ఈ ఆట చూసి మొహం తిప్పుకున్న మనిషి ఒక్కతే, మా అక్క.

అక్కది రేపల్లె. అక్కడే స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. బావగారూ ఆమే మేడ మీద ఉంటారు, కింద కొట్లకు అద్దెకిచ్చారు. అక్క చేతిలోంచి గాజు గ్లాసు జారి పడటం నేను చూడలేదు. పచ్చడి జాడీని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుతుంది. అలాంటి మనిషికి తీసుకెళ్ళి నా ఆట చూపించాను. బండి లోయలోకి దొర్లగానే కళ్ళు గట్టిగా మూసుకుంది.

"చూస్తూ చూస్తూ పడేయడమేంటే? నాకొద్దు. తీసెయ్."

"ఆటక్కా. మళ్ళీ కట్టుకోవచ్చు."

"పడేశాక కట్టడం ఎందుకు? ముందే సరిగ్గా కట్టాలి."

నేను ఆమె చెల్లెల్నే కదా, పందిరి గుంజల భయం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

నా డిగ్రీ చదువంతా అక్క దగ్గరే సాగింది. అప్పటికే ఆమెకు ఉద్యోగం, పెళ్ళి రెండూ అయ్యాయి. ఉద్యోగం వచ్చిన సంతోషంలో నాన్న బాపట్లలో చెప్పి చేయించిన టేకు బీరువా ఒకటి ఆమెతోపాటు కాపురానికి వచ్చింది. నిలువెత్తు మనిషిని మించిన బీరువా. నేను రేపల్లెలో దిగిన రోజున దాని కింది అర ఖాళీ చేసి, "ఇది నీది" అంది. పుస్తకాలూ బట్టలూ అందులోనే పెట్టుకునేదాన్ని. పరాయి ఇంట్లో ఉంటున్నానని నాకెప్పుడూ అనిపించలేదంటే దానికి ఆ అర కూడా ఒక కారణమే.

కిందటేడు తెనాలిలో మా పక్క పోర్షను ఖాళీ అయింది. కింద ఇల్లే, మెట్లెక్కే పని లేదు. అక్కకు మోకాళ్ళ నొప్పులు. ఇంతకంటే మంచి అదను రాదనుకుని వెంటబడ్డాను. ఒంటరిగా ఉంటున్న నాకు పెద్ద కోరికలేమీ లేవు. గోడ అవతల అక్క ఉండాలి, పొద్దున కాఫీ వాసన ఇటు రావాలి, సాయంత్రం నేను కాలేజీ నుంచి వస్తే "తిన్నావా?" అని ఒక గొంతు వినిపించాలి. అక్క మాత్రం నెలల తరబడి ఏదో ఒక వంక పెడుతూనే వచ్చింది. రేపల్లెలో నీళ్ళు బాగుంటాయంది. పాలవాడు అలవాటయ్యాడంది. ఎట్టకేలకు ఒప్పుకుంది. మినీ లారీ మాట్లాడాం. సామాను దిగడం మొదలైంది. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. బీరువా మెట్ల మలుపు తిరగలేదు.

దీని వెనక బావగారి ఘనకార్యం ఒకటుంది. ఆయనకు వాస్తు పిచ్చి. ఆ ఇంటికి మొదట్లో వెడల్పాటి మెట్లు ఉండేవి, తిన్నగా వరండాలోకి తెచ్చి వదిలేవి. అవి ఈశాన్యంలో ఉండబట్టే ఇల్లాలికి మోకాళ్ళ నొప్పులని ఎవరో చెప్పారట. పెళ్ళాం మీద ప్రేమతో ఆ మెట్లు కొట్టించేసి, నైరుతి మూలన కాస్త జాగాలో కొత్తవి కట్టించారు. జాగా తక్కువ కాబట్టి అవి ఇరుగ్గా, నిలువుగా, మధ్యలో మలుపుతో వచ్చాయి. వాటిని ఎక్కి దిగీ అక్క నొప్పులు రెట్టింపయ్యాయి. సరే, అది పాత కథ. కొత్త కథ ఏమిటంటే, పాత మెట్ల మీదుగా ఎక్కిన బీరువా పైనే ఉందన్న సంగతి మెట్లు కొట్టించేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

పడుకోబెట్టి తిప్పారు, నిలబెట్టి తిప్పారు. కుదరలేదు. సామాను దింపే మేస్త్రి చెమట తుడుచుకుని, "కింది అర దాకా రంపంతో కోసేద్దామండి. పొట్టిదైపోద్ది, మలుపు తిరుగుద్ది. మళ్ళీ అక్కడ అతికించుకోవచ్చు" అన్నాడు.

అక్క వెళ్ళి బీరువాకు ఆనుకుని కింద కూర్చుంది.

"దీన్ని కోస్తే నేను రాను. మీరంతా వెళ్ళండి."

"చెక్కే కదా అక్కా, అతికిస్తామంటున్నాడుగా" అన్నాను.

"కింది అర కోయనివ్వను. చెప్పాను కదూ."

బావగారు కూడా చెప్పి చూశారు. లాభం లేకపోయింది. ఇది కొత్త వంక అని నాకు ఒళ్ళు మండింది. చెక్కముక్క కోసం సొంత చెల్లెల్ని వదులుకుంటుందా అనుకున్నాను. దింపిన సామాను మళ్ళీ పైకెక్కింది. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. నేను రేపల్లె నుంచి తెనాలి రైల్లో భట్టిప్రోలు దాటేదాకా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పోనీలే అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మర్నాడు పాసింజర్లో కొలకలూరు అమ్మాయికి కథంతా చెప్పాను. ఆమె ఆట తెరిచి, "మనం కట్టి చూద్దామా మేడమ్?" అంది.

ఆ ఆటలో సొంతంగా ఒక చోటును గీసుకునే వీలుంది. అక్క మేడను గీశాను. పాత మెట్లు ఉన్నచోట పిట్టగోడ లేదు, ఇనుప గ్రిల్లు బిగించి వదిలేశారు. ఆ గ్రిల్లు విప్పితే వరండా అంచు నుంచి నేల దాకా అడ్డేమీ లేదు. ఎక్కిన చోటు నుంచే దింపాలి, మెట్లకు బదులు వాలు కట్టాలి. రెండు పొడవాటి కర్రలు ఏటవాలుగా వేసి, గోధుమరంగు పెట్టె ఒకటి బీరువాగా పెట్టి వదిలాను. అది సర్రున జారి, ప్రహరీ గోడకు కొట్టుకుని ముక్కలైంది. తాడు కట్టి వదిలాను. తాడు ఒక్క కుదుపుతో తెగింది. తాడు లావు పెంచాను. ఈసారి బీరువా సగంలో గింజుకుని పక్కకు దొర్లింది. బోగీలో నలుగురూ మూగారు. పొన్నూరు వెళ్ళే ఒక పెద్దావిడ వక్కపలుకు నములుతూ, "బీరువా కింద పరుపు వెయ్యకూడదా అమ్మా?" అంది. ఆటలో పరుపు లేదు, కానీ మాట మంచిదే.

బాపట్లలో దిగబోయే ముందు ఆ అమ్మాయి తాడును తిన్నగా కట్టకుండా వరండా స్తంభానికి చుట్టి చూసింది. బీరువా కదిలింది, ఆగినట్టే ఆగి మళ్ళీ కదిలింది, నింపాదిగా నేలకు చేరింది. తాడు స్తంభాన్ని రాసుకుంటూ బరువునంతా తనే పట్టుకుంది. మేమిద్దరం రైల్లోనే చప్పట్లు కొట్టాం. ఆ రోజు క్లాసులో వాలుతలం లెక్క చెబుతూ "ఘర్షణను విస్మరించండి" అన్నచోట నాకు నోరు రాలేదు.

ఆదివారం రేపల్లె వెళ్ళాను. అక్క ముభావంగానే కాఫీ ఇచ్చింది. ఫోను ఆమె ముందు పెట్టాను. మేడను గుర్తుపట్టింది, బీరువానూ గుర్తుపట్టింది.

"దీన్ని పడేస్తావా ఇప్పుడు?"

"నేను కాదు, నువ్వు పడేయాలి. పడకుండా ఎలా దింపాలో నువ్వే కనిపెట్టు."

మొదట ముట్టుకోలేదు. నేను కావాలనే స్తంభానికి ఒకే చుట్టు చుట్టి వదిలాను, బీరువా ధబేలున పడింది. అక్క కళ్ళు మూసుకుంది, ఒక కన్ను తెరిచి చూసింది. "ఒక చుట్టేంటే, పిసినారిదానా? చీర కుచ్చిళ్ళు కూడా ఒకటితో నిలవవు" అంది. ఫోను లాక్కుంది. బోలెడన్ని చుట్లు చుట్టింది. బీరువా అంచు మీద నుంచి కదల్లేదు. ఒకటి విప్పింది, కదల్లేదు. మరీ విప్పేసింది, బీరువా వెళ్ళి ప్రహరీని గుద్దుకుంది. ఆమె చేత్తో ఆమే పడేసింది! నోరు తెరిచి నా వంక చూసి, పగలబడి నవ్వింది. అక్క అంత బిగ్గరగా నవ్వడం నేను విని ఎన్నాళ్ళయిందో. బావగారు లోపల్నుంచి వచ్చి, "ఏమైంది?" అన్నారు. "మీరు కొట్టించిన మెట్లే మళ్ళీ కడుతున్నాం" అంది అక్క. ఆయన పంచాంగం తీసి, రాహుకాలం లేని వేళ వెతకడం మొదలుపెట్టారు.

ఆ పై ఆదివారానికి మేస్త్రి సూర్యలంక వైపు నుంచి పొడవాటి సరుగుడు బాదులు తెప్పించాడు. గ్రిల్లు విప్పారు. బాదుల్ని ఏటవాలుగా వేసి, అడ్డకర్రలు బిగించి, పైన పాత పరుపు పరిచారు. బీరువాను దుప్పట్లలో చుట్టి, దానికి కొబ్బరి మోకు కట్టి, మోకును స్తంభానికి చుట్టారు. మోకు కొస ఇద్దరు పట్టుకున్నారు. బీరువా అంచు దాటింది. ఫోనులో అయితే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. నాన్న చేయించిన బీరువా ఇదొక్కటే. ఇది విరిగితే అక్క ఈ ఇంటి గడప దాటదని నాకు తెలుసు.

సగం దాకా బాగానే దిగింది. అక్కడ ఆగిపోయింది. పరుపు ముడతపడింది కాబోలు. పైనుంచి తోద్దామని ఒకరు, కిందనుంచి లాగుదామని ఒకరు అరుస్తున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. అవును, నేనే.

"ఎవరూ తొయ్యొద్దండి" అంది అక్క గొంతు. "స్తంభం దగ్గర ఒక చుట్టు విప్పండి. ఒకటే. మెల్లిగా."

కళ్ళు తెరిచి చూస్తే అక్క వరండా అంచున నిలబడి, చూపు మరల్చకుండా బీరువానే చూస్తోంది. మేస్త్రి చుట్టు విప్పాడు. మోకు స్తంభాన్ని రాసుకుంటూ కిర్రుమంది. బీరువా పెద్ద ముత్తైదువులా నిదానంగా కదిలి, జారి, నేల మీద కాళ్ళు ఆన్చింది. మెరుగు కొంచెం గీసుకుపోయింది, అంతే. బావగారు కొబ్బరికాయ కొట్టారు. ఎవరికి కొట్టారో ఆయనకే తెలియాలి, ఈశాన్యానికై ఉంటుంది.

సాయంత్రానికి అంతా తెనాలి చేరాం. మర్నాడు అక్క సర్దుకుంటుంటే సాయానికి వెళ్ళాను. పై అరలన్నీ నిండిపోయాయి, తలుపు మూసుకోవడం లేదు. ఇంకా దొంతరలకొద్దీ చీరలు మంచం మీదే ఉన్నాయి.

"కింది అర ఖాళీగానే ఉందిగా అక్కా, అందులో పెట్టు."

అక్క చీర మడత పెడుతూ తలెత్తకుండా అంది. "అది నీది కదే."

నేను డిగ్రీ ముగించుకుని రేపల్లె నుంచి వచ్చేశాను, పెళ్ళి చేసుకున్నాను, జుట్టు కూడా నెరిసింది. అన్నాళ్ళూ ఆ అరలో అక్క ఒక్క చీర కూడా పెట్టుకోలేదన్నమాట. రంపం ముందు ఎందుకు కూర్చుందో అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"మొహం కడుక్కుని ఆ ఫోను ఇలా ఇయ్యి. గుమ్మడికాయల బండి దాటించాలి" అంది అక్క.

"పడిపోతుందేమో."

"పడితే పడనీవే. మళ్ళీ కడదాం."

ఇప్పుడు రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ముందు అక్క ఇంట్లోకే వెళ్తాను. నా పుస్తకాల సంచీ ఆ కింది అరలో పెట్టాకే మా ఇంటి తాళం తీస్తాను.